చిలక నోరు మూతపడింది

ప్రియమైన బావకు,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరూ కులాసా, దాళ్వా కోతలు అయిపోయాయి, కాలువలు కట్టేశారు. ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

మన అంబాసిడర్ కారులో స్పీడు మీటరు దగ్గర కూసే చిలక, అదే ఆ కీచు చప్పుడు, గుర్తుందా? సంక్రాంతికి రాజోలు వెళ్తున్నప్పుడు చించినాడ వంతెన పొడుగునా అది కూస్తూంటే, నువ్వు దానికి మన లెక్కల మాస్టారి పేరు పెట్టావు. ఈ మధ్య దాని గొంతు మరీ పెరిగింది. బండి కదలగానే టిక్కుటిక్కుమని మొదలై, వేగం పెరిగేకొద్దీ కీచుగా మారేది. మీటరు ముల్లు 20కీ 40కీ మధ్య ఊగిసలాడేది.

ఒక షెడ్డులో చూపిస్తే, మూత కూడా ఎత్తకుండానే మీటరు మొత్తం మార్చాలన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. గేర్‌బాక్సు నుంచి మీటరుకు వచ్చే కేబులు తిప్పే అయస్కాంతానికీ ముల్లుకూ నేరుగా తగులుడే ఉండదు. ఆ అయస్కాంతం తన చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెలో సుడి ప్రవాహాలను, అంటే సుడులు తిరిగే కరెంటును, పుట్టించి దాన్ని లాగుతుంది, సన్నని స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది, గిన్నెతోపాటు ముల్లు కదులుతుంది. ముల్లు అలా ఊగుతోందంటే అయస్కాంతమే కుదుపులతో తిరుగుతూ ఉండాలి.

అందుకని బ్యాటరీ తీగ విప్పి, మీటరు వెనక నుంచి కేబులు ఊడదీసి, బ్యాటరీ మళ్లీ తగిలించి, ఏటిగట్టు మీద బండి నడిపాను. ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది, చిలక మాత్రం కూస్తూనే ఉంది! మీటరు నిర్దోషి అని అక్కడే తేలిపోయింది.

కేబులు లోపల తిరిగే తీగను బయటికి లాగితే గ్రీజు ఎండిపోయి, మన ఉప్పుగాలికి తుప్పు పొడి రాలుతోంది. గచ్చు మీద దొర్లించి చూశాను. ఎక్కడైనా గెంతితే మెలిక పడ్డట్టే, అప్పుడు మార్చక తప్పదు. సాఫీగానే దొర్లింది. అసలు దోషం ఇంజను వెనక గోడ దగ్గర దొరికింది: ఎవరో మహానుభావుడు హారన్ తీగతో కలిపి కేబులును బిగించి కట్టేయడంతో అది అక్కడ మోచేయిలా వంగిపోయింది. ఎండిన తీగ ఆ వంపులో పట్టేసి, మెలితిరిగి, ఒక్కసారిగా వదులుకుంటోంది. చప్పుడూ ఊగులాటా రెండూ దానివల్లే.

కట్టు కోసి, కేబులుకు విశాలమైన వంపు ఇచ్చి, తీగను కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, పలచగా గ్రీజు పట్టించాను. మీటరు వైపు జానెడు మాత్రం పొడిగా వదిలేశాను; తిరిగే తీగ గ్రీజును పైకి ఎక్కించి మీటరును పాడుచేస్తుంది. తీగను వేళ్లతో తిప్పుతూ నెడితే దాని కొస గేర్‌బాక్సు గాడిలో కూర్చుంది. దిండి దాకా వెళ్లి వచ్చాను, కూత లేదు. నాన్నగారు ఉండి ఉంటే... సరే, అది మరోసారి.

అన్నట్టు, గేర్‌బాక్సు దగ్గర సీలు కూడా చూడాలి, అక్కడ ఆయిలు కారితే కేబులు పట్టుకుని పైకి పాకి... పెళ్లివారు బండి కోసం వచ్చేశారు, ఉంటాను.

నీ బావ