కోకా సుబ్బారావు గారి గురించి రఘుకి

ప్రియమైన రఘూ,

మన తెలుగువాళ్లలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినవాళ్లు ఎవరని అడిగావు కదా. ఎన్.వి. రమణ గారు నీకు తెలిసినవారే. ఆయన కంటే చాలా ముందు, 1966లోనే, రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు ఆ పీఠమెక్కారు. మద్రాసులో వకీలు, కొన్నాళ్లు బాపట్లలో మునసబు కోర్టు జడ్జి, 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి, 1954లో గుంటూరులో కొత్తగా పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, 1958లో ఢిల్లీలో సుప్రీంకోర్టు జడ్జి. ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. నీకు చెప్పాలని తహతహలాడుతున్నది ఖరక్ సింగ్ కేసు గురించి.

ఉత్తరప్రదేశ్‌లో ఈ ఖరక్ సింగ్‌ని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు వదల్లేదు. అర్ధరాత్రి చౌకీదారు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు బాది, కేకలేసి నిద్ర లేపేవారు. పొరుగూరు వెళ్లాలన్నా ముందు చెప్పి వెళ్లాలి. 1962లో ఆరుగురు జడ్జీలు విన్నారు. రాత్రిపూట ఇంటిమీదికి రావడం తప్పని అందరూ ఒప్పుకున్నారు, కానీ మిగతా నిఘా తప్పు కాదని నలుగురు తేల్చారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. అడుగడుగునా పోలీసు కన్ను వెంటాడే మనిషికి దేశమంతా జైలేనని రాశారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనన్నారు. జస్టిస్ షా ఒక్కరే ఆయనతో కలిశారు. ఓడిపోయిన ఆ మాటనే 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం నిలబెట్టింది. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

గోలక్‌నాథ్ తీర్పు పేరు నువ్వు వినే ఉంటావు. 1967 ఫిబ్రవరిలో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు మరోవైపు. రాజ్యాంగాన్ని సవరించి కూడా ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించడానికి వీల్లేదని చెప్పిన తీర్పు అది. 1973లో కేశవానంద భారతి కేసులో దాన్ని కొట్టేశారు. భూసంస్కరణలకు అడ్డంకి అవుతుందన్న అప్పటి విమర్శలో న్యాయం లేదని నేననను. కానీ పార్లమెంటు అధికారానికి ఒక హద్దు ఉండాలన్న ఆయన పట్టుదల, అదే కేశవానంద తీర్పులో వచ్చిన మౌలిక స్వరూప సిద్ధాంతంగా (సవరణతో కూడా రాజ్యాంగం మూల స్వరూపాన్ని మార్చకూడదన్నది) వేరే రూపంలో బతికిందనే నా నమ్మకం.

ఇంకొకటి నీకు నేరుగా తగిలేది. విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కోకూడదనీ 1967 ఏప్రిల్ 10న తీర్పు రాసింది ఆయనే. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది.

ఆ పాస్‌పోర్టు తీర్పు ఇచ్చిన మర్నాడే సుబ్బారావు గారు రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు, జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు. ఈ ఒక్కటీ నాకు మింగుడుపడదు. జూలైలో ఎలాగూ పదవీ విరమణ. ప్రభుత్వాన్ని ఎదిరించి తీర్పులిచ్చిన మనిషి ఆ కుర్చీలోంచి తిన్నగా ఎన్నికలోకి దిగితే, ఆ తీర్పులనే అనుమానంగా చూసేవాళ్లకు సందు దొరుకుతుంది. మీ నాన్నగారు దీనికి ఒప్పుకోరని తెలుసు, అడిగి రాయి.

మీ అమ్మాయి లా చదువుతానంటోంది కదా. ఖరక్ సింగ్ తీర్పులో ముందు ఆయన రాసిన భాగం చదవమను, నలుగురిదీ తర్వాత చదవచ్చు.

నీ
శ్రీను