పురిటిగది ఆయమ్మకు దండాలు

ఆయమ్మా, మీ పేరు రాస్తే నొచ్చుకుంటారని రాయడం లేదు. విశాఖలో తొలిచూలు అమ్మాయిల పక్కన రాత్రంతా నిలబడే మీ పని విలువ కాన్పులు చేసే మాకు తెలుసు.

తొలికాన్పులో గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్ల నుంచి 10 దాకా తెరుచుకోడానికి 12 గంటల వరకూ పట్టొచ్చు. ఈలోగా ఇంటివాళ్లు "ముక్కమ్మా, ముక్కు" అని తొందరపెడతారు. పూర్తిగా తెరుచుకోకముందే ముక్కితే ఆ ముఖద్వారం వాచే ప్రమాదం ఉంది, అసలు సమయానికి ఓపికా మిగలదు. మీరు మాత్రం "ఇప్పుడు కాదు తల్లీ, ఊపిరి ఊదు" అంటారు.

రెండు గంటలకోసారి మూత్రానికి లేపడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, మూత్రసంచి నిండి ఉంటే బిడ్డ తల కిందికి దిగడం కష్టం. మాయ పడ్డాక కూడా అది నిండి ఉంటే గర్భసంచి గట్టిపడక రక్తం ఎక్కువ పోవచ్చు. వెల్లకిలా పడుకున్నవాళ్లను ఎడమవైపు తిప్పుతారు, పెద్ద రక్తనాళం మీద కడుపు బరువు పడకుండా. ఈ సముద్రపు ఉక్కలో గుక్కగుక్కగా నీళ్లు తాగిస్తారు. ఇక నొప్పి వచ్చినప్పుడల్లా నడుము కింద అరచేత్తో మీరు అదిమే ఆ ఒత్తు, మాకెవరికీ అంత బాగా రాదు!

బిడ్డను తుడిచి తల్లి గుండెల మీద వేయడం, గంటలోపు ముర్రుపాలు పట్టించడం సరేసరి. తేనె సీసాతో వచ్చిన అమ్మమ్మను నొప్పించకుండా వెనక్కి పంపే నేర్పు కూడా మీదే. తల్లి గుడ్డ రక్తంతో త్వరగా తడిసి ముద్దయితే సిస్టర్‌ని ముందు కేకేసేదీ మీరే.