మూసీ శుద్ధి సరే, కింది ఆయకట్టు వాటా ఎంత?

సంపాదకులకు నమస్కారం.

మూసీ పునరుజ్జీవం గురించి వస్తున్న వార్తలన్నీ నార్సింగి నుంచి గౌరెల్లి దాకా ఉన్న 55 కిలోమీటర్ల చుట్టూనే తిరుగుతున్నాయి. గౌరెల్లి దాటాక కూడా మూసీ ఉంది. పోచంపల్లి, వలిగొండల మీదుగా సోలిపేట దగ్గరున్న మూసీ ప్రాజెక్టుకు చేరి, చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ దారిలోనే పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి, బునాదిగాని కాల్వల కింద మా పొలాలున్నాయి.

గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టిన తర్వాత పైనుంచి మంచినీళ్లు రావాలంటే గేట్లు ఎత్తాల్సిందే. ఎండాకాలం మూసీలో పారేది హైదరాబాద్ వదిలిన మురుగే. అది రోజుకు దాదాపు 195 కోట్ల లీటర్లు, అంటే ఏడాదికి సుమారు 25 టీఎంసీలు. గోదావరి నుంచి తెచ్చి మూసీలో వదులుతామంటున్నది 2.5 టీఎంసీలు. కాబట్టి రేపు నది ఎంత బాగుపడినా మాకు దిక్కు శుద్ధి చేసిన ఆ మురుగునీరే.

ఈ నీళ్లతో పంట తీయడం ఎలా ఉంటుందో ఒకసారి వచ్చి చూడండి. కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) మీంచి నీళ్లు దూకే చోట తెల్లటి నురుగు గుట్టలుగా లేస్తుంది, గాలికి ఎగిరి వరి మీద పడుతుంది. నాట్లకు దిగిన ఆడవాళ్లకు సాయంత్రానికి కాళ్లు దురద, పుండ్లు. మూసీ వడ్లనగానే వ్యాపారి రేటు తగ్గిస్తాడు. నది శుభ్రం కావాలని మాకంటే ఎక్కువ కోరేవాళ్లు ఉండరు.

మా టెన్షన్ వేరే. శుద్ధి చేసిన నీటికి గిరాకీ ఉంటుంది. నిర్మాణాలకు, పరిశ్రమలకు ఇస్తామంటున్నారు. మురుగుగా ఉన్నన్నాళ్లు మాకు వదిలేసి, తేటపడ్డాక అమ్ముకుంటే ఎలా? కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ మూసీ ప్రాజెక్టుకు 9.4 టీఎంసీలు కేటాయించింది. ఆ లెక్కన మురుగు శుద్ధి కేంద్రాల (ఎస్టీపీల) నుంచి నదిలోకి వదలాల్సిన నీరు నెలకు ఎంతో, కాల్వలకు ఎంతో ముందే రాసిపెట్టాలి. యాసంగి నాట్ల వేళ కోత పెట్టకూడదు.

ఇంకో మాట మా కాల్వ రైతులకే రుచించకపోవచ్చు. కత్వ దగ్గర నీళ్లన్నీ కాల్వకే మళ్లిస్తే కింద ఇసుక తేలుతుంది. కింది ఊళ్ల బోర్లకూ, సోలిపేట ఆయకట్టుకూ అది అన్యాయం. నదికీ ఒక వాటా వదలాలి. అందుకు మేం వారబందీకి, అంటే వంతులవారీగా నీళ్లు తీసుకోవడానికి ఒప్పుకోవాలి, కొంత భూమిలోనైనా వరి మానాలి. అధికారులు కూడా కాల్వల పూడిక తీయాలి, తూములకు షట్టర్లు పెట్టాలి. పారే నీటిలో ఎంత వృథా అవుతోందో తెలియాలంటే ముందు కొలవాలి కదా!

సుందరీకరణ టెండర్ల కంటే ముందు ఈ వాటాల జీవో రావాలి. ఎస్టీపీలు ఫార్మా రసాయనాలను తీసేయడానికి కట్టినవి కావు. కాబట్టి ఆ వ్యర్థాలు నాలాల్లో కలిస్తే బాధ్యత ఎవరిదో కూడా అందులోనే రాయాలి.

ఇట్లు,
ఒక మూసీ ఆయకట్టు రైతు,
వలిగొండ మండలం, యాదాద్రి భువనగిరి జిల్లా