వార్షిక నివేదిక: తోడు వెళ్ళిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పొదుపు, అప్పుల లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగింది. ఈసారి మన సంఘం ఎక్కువ సమయం పెట్టింది గృహహింస చట్టం మీద. నేనూ దాని గురించే చెప్తాను.

మొదటిసారి కొబ్బరితోటలో, కాయ ఒలుపు అయ్యాక కూర్చున్నాం. ఒకావిడ చీరకు అంటిన పీచు దులుపుకుంటూ, "ఇల్లు ఆయన పేరునుందండి, పొమ్మంటే పోవాలి కదా" అంది. చాలామంది తలలూపారు. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న చట్టం ఈ మాట ఒప్పుకోదు. ఇల్లు ఎవరి పేరనున్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. చట్టప్రకారం తప్ప గెంటేయడానికి లేదు. ఈ ఒక్క సంగతే మూడుసార్లు చెప్పించుకున్నారు.

రెండో భయం, "కేసు పెడితే మొగుణ్ణి జైల్లో వేసేస్తారు" అని. ఈ చట్టం కింద ముందు వచ్చేది రక్షణ, నివాసం, ఖర్చుల ఉత్తర్వులు. రక్షణ ఉత్తర్వును మీరితేనే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా. వేధింపుల మీద నేరుగా పెట్టే క్రిమినల్ కేసు వేరు. పాత శిక్షాస్మృతిలోని 498ఎ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ వచ్చింది. ఖర్చులకు డబ్బివ్వకపోవడం, నగలు లాక్కోవడం కూడా గృహహింస చట్టం ప్రకారం హింసేనని చెబితే, కొందరు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

దరఖాస్తును 60 రోజుల్లో తేల్చేందుకు మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. ఒకావిడకు మేం కోర్టుకు తోడు వెళ్ళిన కేసులో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అంతకుముందు ఒక పోలీస్ స్టేషన్‌లో "ఇంట్లో సర్దుకోండమ్మా" అని రెండుసార్లు తిప్పి పంపారు. పైగా ఆమె ఆధార్ కార్డు అత్తగారి బీరువాలో ఉండిపోయింది. జిరాక్స్ కూడా లేదు.

అందుకే, ఇష్టమున్న సభ్యుల ఆధార్, రేషన్ కార్డు, పెళ్ళి ఫొటో జిరాక్స్‌లు సంఘం పెట్టెలో దాచాలని తీర్మానించాం. తాళం ఇద్దరి దగ్గరే ఉంటుంది. 181 మహిళల హెల్ప్‌లైన్, 112 అత్యవసరం, 15100 ఉచిత న్యాయ సహాయం. ఈ నంబర్లు పాల కేంద్రం గోడ మీద రాయించాం. ఉచిత లాయరుకు ఆడవాళ్ళ ఆదాయం అడగరు.

వాయిదాలకు తోడు వెళ్ళడానికి ఇప్పటికి ముగ్గురే పేర్లిచ్చారు. ఆటో ఖర్చు సంఘమే ఇస్తుంది. రాగలిగినవాళ్ళు ఈ సమావేశం ముగిసేలోపు పేరు రాయించండి.