కార్మిక శాఖ మంత్రి గారికి హెక్సేన్ గది నుంచి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా గమ్ములో కలిపే హెక్సేన్ అనే ద్రావకం గురించి మేం పెట్టిన అర్జీలన్నిటికీ మీ శాఖ ఇచ్చే జవాబు ఒక్కటే: 'పరిశీలనలో ఉంది'. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎక్కడుందో పరిశీలించడానికి ఎంతసేపు పడుతుందండీ? పైకప్పు కింద ఉంది. హెక్సేన్ ఆవిరి గాలికన్నా దాదాపు మూడు రెట్లు బరువు. గమ్ము డబ్బాలోంచి లేచి, మా బల్లల మీదుగా జారి, నేలబారున పాకుతుంది. ఫ్యాన్ మాత్రం పైనున్న మంచి గాలిని శ్రద్ధగా బయటికి తోడేస్తోంది. తనిఖీకి వచ్చినాయన 'వెంటిలేషన్ ఉంది' అని టిక్కు పెట్టి వెళ్లారు.

నిప్పు సంగతి మీకు కొత్త కాదు. మైనస్ 22 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వస్తుంది. ఒక డ్రమ్ములోంచి ఇంకో డ్రమ్ములోకి పోసేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు కూడా దానికి చాలు. ఎర్తింగ్ వైరు అడిగితే నీళ్ల బకెట్లు పెట్టించారు! హెక్సేన్ నీళ్ల మీద తేలుతుంది సార్, మంటతో సహా. 1981లో అమెరికాలోని లూయివిల్‌లో సోయా ఫ్యాక్టరీ నుంచి హెక్సేన్ మురుగు కాలువల్లోకి చేరి రెండు మైళ్లకు పైగా వీధులు పేలిపోయాయి. మా డ్రమ్ముల పక్కనే డ్రైనేజీ మూత ఉంది.

అయినా మంట లేస్తే పేపర్లో వస్తుంది, మీరూ వస్తారు. మా కాళ్లు మొద్దుబారితే ఎవరొస్తారు? ముందు కాలివేళ్లలో తిమ్మిరి. తర్వాత చేతివేళ్లు. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. చొక్కా గుండీ పెట్టుకోలేం, మెట్లెక్కబోతే మోకాళ్లు నిలబడవు. ఒంట్లోకి వెళ్లిన హెక్సేన్ 2,5-హెక్సేన్‌డయోన్ అనే విషంగా మారి నరాలను తింటుంది. పని మానేసినా వెంటనే తగ్గదు, కొన్ని వారాలు ఇంకా ముదురుతుంది. డాక్టరుకు చూపిస్తే షుగరు టెస్టు రాస్తారు. ఏం పీలుస్తున్నావని అడిగేవాళ్లు లేరు.

దీని బదులు హెప్టేన్ అనే ద్రావకం వాడితే నరాలకు ఈ ముప్పు చాలా తక్కువ. అదీ మండేదేననుకోండి. 'మంత్రిగారు ఆర్డరేస్తే మారుస్తాం' అంటున్నారు యజమాని. ఆయనకు మీమీద ఎంత గౌరవమో చూడండి.

ఫ్యాన్ కిందికి దించాలి, ఎర్తింగ్ కావాలి, నరాల పరీక్షలు చేయించాలి. ఇవన్నీ పాత అర్జీల్లోనే ఉన్నాయి, దయచేసి తీసి చదవండి. ఎనిమిది గంటల షిఫ్టులో సగటున 50 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 50 వంతులు) దాటకూడదని నిపుణులు చెబుతారు. మా గదిలో ఎంతుందో ఎవరూ కొలవలేదు. ఈసారి తనిఖీకి మీటరుతో రమ్మనండి. ముందురోజు యజమానికి ఫోన్ చేయకుండా రమ్మనండి.

ఇట్లు,
గమ్ము విభాగం కార్మికులు