ఓఆర్‌ఎస్ పేరు తీసేయమన్నారు సరే, తనిఖీలేవి?

సంపాదకుల వారికి,

విరేచనాలైనప్పుడు ఒంట్లో తగ్గిన నీటిని, లవణాలను భర్తీ చేసేందుకు తాగించే ద్రావణం ఓఆర్‌ఎస్. ఆ పేరు పెట్టి తియ్యటి పానీయాలు అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దీనికోసం ఏళ్ల తరబడి కొట్లాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్నది తాగిస్తే విరేచనాలు తగ్గకపోగా ఇంకా ఎక్కువవుతాయి. అసలు 2022లో ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు’ అని డబ్బా మీద వేస్తే చాలని అనుమతిచ్చింది కూడా ఈ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐయే! రాత్రిపూట బిడ్డను ఎత్తుకుని షాపుకు పరిగెత్తిన తల్లి, ఆ టెన్షన్‌లో చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాలు చదువుతుందా?

మొన్న మా వీధి మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే, కౌంటర్ మీదున్న పండ్ల బొమ్మ తియ్యటి పానీయం డబ్బా చేతిలో పెట్టారు. అసలైన ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ కావాలంటే వెనక సొరుగు వెతికారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. అంకెలు ఘనంగానే ఉన్నాయి. హోటళ్ల వంటగదులు తనిఖీ చేస్తున్న మన ఆహార భద్రతా అధికారులు, గల్లీల్లోని మెడికల్ షాపుల్లోకీ ఒకసారి తొంగిచూడాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చని ప్రతి షాపులో తెలుగులో రాయించాలి.

- ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్