మీ ఆఫీసువాళ్లకు ఏం ఆట ఆడించాలంటే...

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్? ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి గానీ, నీతో రెండు ముక్కలు మాట్లాడేలోపు నీకు ఇంకో కాల్ వస్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నా, టీ తాగుతూ చదువుకో.

మీ ఆఫీసువాళ్లంతా రిసార్ట్‌కి వెళ్లినప్పుడు ఆడించాలని మీ హెచ్ఆర్ వాళ్లు వేసిన ఆటల లిస్టు చూశాను. కళ్లు మూసుకుని వెనక్కి పడితే మిగతావాళ్లు పట్టుకోవడం, స్పఘెట్టీ పుల్లలతో టవర్ కట్టడం, బెలూన్ కింద పడకుండా ఆపడం. ఫొటోలు బాగా వస్తాయి, కాదనను. కానీ వాటిల్లో ఓడిపోయినా ఎవడికీ చురుక్కుమనదు. గెలవాలన్న కసి లేనిచోట అందరూ మర్యాదస్తులే. ఎవడి సంగతేంటో తెలియాలంటే కాస్త ఒళ్లు వేడెక్కాలిరా.

నన్నడిగితే ఖోఖో ఆడించు. నవ్వకు. చిన్నప్పుడు మనం ఆడిందే, కానీ పిల్లలకు నేర్పించడం మొదలుపెట్టాకే దాని లోతు నాకు తెలిసింది.

ఎనిమిది మంది వరుసగా కూర్చుంటారు, ఒకడు ఇటు తిరిగితే పక్కవాడు అటు. తొమ్మిదోవాడు తరుముతాడు. అవతలి జట్టు రన్నర్లు ముగ్గురేసి దిగుతారు. వాళ్లు ఎటైనా పరిగెత్తొచ్చు, వరుస మధ్యలోంచి దూరిపోవచ్చు. తరిమేవాడు మాత్రం మధ్య గీత దాటకూడదు. వరుసకు రెండు చివర్లా పోల్స్ ఉంటాయి, ఒక పోల్ వైపు కదిలాడంటే అది చేరేదాకా వెనక్కి తిరగకూడదు. అంటే ఎంత జోరున్నవాడైనా ఒంటరిగా పట్టడం దాదాపు అసాధ్యం. రన్నర్ అవతలికి దూరగానే, అటు తిరిగి కూర్చున్నవాడి వీపు తట్టి 'ఖో' అని అరిచి, వాడి చోట తను కూర్చోవాలి. ఆట రూలే నీ అహం మీద కొడుతుందన్నమాట.

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లాడొకడున్నాడు. మండలంలో వాణ్ణి మించి పరిగెత్తేవాడు లేడు. వాడికి ఖో ఇవ్వమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు ఉండేది. ఇంకొక్క అంగలో దొరుకుతాడు, ఇంకొక్క అంగలో దొరుకుతాడు అనుకుంటూ పోల్ దాకా పోయేవాడు. అక్కడ రన్నర్ పోల్ చుట్టూ గిర్రున తిరిగి జారుకునేవాడు. వరుసలో కూర్చున్న ఏడో తరగతి బక్కోడేమో 'అన్నా, నాకియ్యి, నా ముందే ఉన్నాడు' అని గొంతు చించుకునేవాడు. నేను ఆ బక్కోణ్ణి కెప్టెన్ చేశాను. పెద్దాడు కొన్నాళ్లు మొహం మాడ్చుకుని తిరిగాడు. తర్వాత తర్వాత వాడిలో ఒక మార్పు చూశా. రన్నర్ దూరబోతున్నాడని భుజం కదలికలోనే పసిగట్టి, దూరకముందే ఖో పెట్టేయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడి ఖాతాలో అవుట్లు తగ్గాయి, జట్టు ఖాతాలో పెరిగాయి. టీమ్‌వర్క్ మీద నేను వాడికి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంకోటి, కూర్చున్నవాళ్లను చూడు. ఖో రాకముందు లేస్తే ఫౌల్. అలాగని బద్ధకంగా కూర్చుంటే రన్నర్ చేతికి దొరకడు. మంచి ఆటగాడు మునివేళ్ల మీద బరువు వేసి, కళ్లు రన్నర్ మీద పెట్టి కూర్చుంటాడు. మీ మీటింగుల్లో ఓనర్‌షిప్ అని ఊదరగొడతారే, అది ఇక్కడ కాలివేళ్ల దగ్గర కనిపిస్తుంది.

పల్లెటూరి ఆట అని ఎవరైనా మూతి తిప్పితే, 2025 జనవరిలో ఢిల్లీలో దీనికి ప్రపంచ కప్పే జరిగిందని చెప్పు. మన దేశం మగవాళ్లు, ఆడవాళ్లు ఇద్దరూ ఫైనల్లో నేపాల్‌నే ఓడించి గెలిచారు. 2022లో మన తెలుగు యోధాస్ జట్టు అల్టిమేట్ ఖోఖో అనే లీగ్ ఫైనల్లో 46-45తో, ఒక్క పాయింట్ తేడాతో ఓడింది. ఆ బాధ నాకింకా పోలేదు, అది వేరే సంగతి.

కబడ్డీ వద్దు. నాకు ప్రాణమే గానీ, ఏడాదికోసారి కదిలే మోకాళ్లతో అది ఆసుపత్రి యవ్వారం.

ఇక కెప్టెన్ సంగతి. మొదటి ఇన్నింగ్స్‌కి ఎవర్నీ పెట్టకు. మిలిటరీ ఆఫీసర్లను ఎంచే ఎస్ఎస్‌బీలో ప్రోగ్రెసివ్ గ్రూప్ టాస్క్ అని ఒకటుంటుంది. పలకలు, తాడు, దుంగ ఇచ్చి అడ్డంకులు దాటమంటారు గానీ, నాయకుడు ఎవరో చెప్పరు. ఎవడి మాట మిగతావాళ్లు వింటున్నారో చూస్తారు. గట్టిగా అరిచేవాడు వేరు, మాట చెల్లేవాడు వేరు కదా. నువ్వూ అదే గమనించు. రెండో ఇన్నింగ్స్ నుంచి ఒక్కొక్కరికి వంతులవారీగా కెప్టెన్సీ ఇవ్వు. మీ మేనేజర్‌కి మాత్రం ఇవ్వకు. ఆయన్ని వరుస మధ్యలో కూర్చోబెట్టు, ఖో కోసం ఎదురుచూడనీ.

ఆట అయ్యాక పవర్‌పాయింట్ తియ్యొద్దు, దండం పెడతా. అక్కడే కింద కూర్చుని ఒక్కటే అడుగు: 'ఖో ఇవ్వాల్సిన చోట ఎక్కడ ఇవ్వలేదు?' ముందు తక్కువ పరిగెత్తినవాళ్లను మాట్లాడనివ్వు. కూర్చున్నవాళ్లకే ఆట మొత్తం కనిపిస్తుంది. మొదట్లో నసుగుతారు, ఒకడు నోరు విప్పితే మిగతావాళ్లు ఆగరు.

పరిగెత్తలేనివాళ్లు ఉంటే ఏడు పెంకులాట పెట్టు. బంతితో పెంకులు పడగొట్టాక, అవతలివాళ్లు విసిరే బంతిని తన వైపు మళ్లించుకునేదెవరు, చాటుగా వెళ్లి పేర్చేదెవరు అనేది క్షణంలో తేల్చుకోవాలి. పేర్చేవాడికి పేరొస్తుంది, దెబ్బ తినేవాడు వేరే. ఆ పనికి ఎవరు ముందుకొస్తారో చూసుకో, అప్రైజల్ టైమ్‌లో పనికొస్తుంది.

రిసార్ట్‌లో మట్టి నేల ఉందో లేదో కనుక్కో, టైల్స్ మీద వద్దే వద్దు. పోల్స్ లేకపోతే నున్నటి కర్రలు రెండు గట్టిగా పాతిస్తే చాలు, నాలుగడుగుల ఎత్తు. గీతలకు సున్నం నేనే తెస్తా. ఎంతమంది వస్తారో ఈ ఆదివారంలోపు చెప్పు. విజిల్ వేయడానికి నేనొస్తున్నా, బిర్యానీ మాత్రం మీ కంపెనీదే.

నీ
రాజుగాడు